బండియింటి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక. ఈ పద్యం విజయనగరంలో మా వీధి గదిలో, ఒక ఆదివారం భోజనాలయ్యాక పుట్టింది. కవిని నేనే, వ్యాఖ్యాతనూ నేనే. అహంకారం వల్ల కాదు, రెండో పనికి మనిషి దొరక్క. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి దిగిపోయినవాడికి ఎదుట పడిన ప్రతిదానికీ ప్రతిపదార్థం రాసే జబ్బు మిగిలిపోతుంది. కరెంటు బిల్లుకి కూడా రాశాను. అది అచ్చుకాలేదు.

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. నాకు అలాంటి ఒట్టేమీ లేదు. మూలం నాలుగు పాదాలు, అక్కర్లేనిది అనంతం. ఇక గిడుగు రామమూర్తిగారు పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టి గ్రాంథికంలో పద్యం రాసినందుకు ఆయనకు మనసులో ఒక దణ్ణం పెట్టుకున్నాను. వ్యాఖ్య మాత్రం వాడుక భాషలోనే నడుస్తుంది కాబట్టి తప్పు సగమే.

సందర్భం ఇది. మా బావమరిది విశాఖపట్నంలో ఉంటాడు. కొడుకుని చూడటానికి ఇంగ్లండు వెళ్ళి, అక్కడ సముద్రపు ఒడ్డున వరసగా పెట్టిన రేకుల ఇళ్ళలో ఒకదానిలో నాలుగు రోజులు ఉండి వచ్చాడు. అప్పటినుంచి మనిషి కుదురుగా లేడు. ఆ ఆదివారం ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, "చూడు బావా, సెలవులకి ఇంటినుంచి ఊరెళ్ళడం పాత పద్ధతి. ఇంటినే ఊరికి తోలుకెళ్ళడం కొత్త పద్ధతి. ఇద్దరం కలిసి కొందాం. బేగి తేల్చీ" అన్నాడు. ఫోనులో నీలంరంగు ఇనప డబ్బా ఒకటి, దానికి అద్దాల తలుపు, తలుపు ముందు రెండు కుర్చీలు, కుర్చీల ముందు సముద్రం. ఆ సముద్రం మనది కాదని చూడగానే తెలిసిపోయింది. ఒడ్డున ఒక్క పడవా లేదు, ఆరేసిన వలా లేదు.

మూలం.

కాళ్ళు లేని యిల్లు కదలి వచ్చునటంచు
బావమరిది చూపె బండి బొమ్మ
నాల్గు నాళ్ళ కొరకు నాలుగు లక్షలా
కొనుట మేలొ లేక కునుకు మేలొ

ఇది ఆటవెలది. యతులు సరిపోయాయి, చూసుకోవచ్చు. లెక్కలు సరిపోయాయా లేదా అన్నదే వ్యాఖ్యలో విషయం.

టీక. కాళ్ళు లేని = పాదములు లేనట్టి. ఇక్కడ ఒక శంక. బండి అన్నాక చక్రాలుంటాయి కదా, కవి కాళ్ళు లేవని ఎందుకన్నాడు? బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చూసినవాడికి సమాధానం దొరుకుతుంది. దానికి చక్రాలు లేవు. ఓడల్లో సరుకు వేసే కంటైనరుకి కిటికీలు కోసి, లోపల చెక్క తాపడం చేసి, రంగు వేసిన సరంజామా అది. కదలాలంటే క్రేను ఎత్తాలి, ట్రయిలరు మొయ్యాలి. ఆ మాటకొస్తే మా వీధి చివరి రాతి తిన్నె కూడా క్రేను వస్తే కదులుతుంది. కవి సత్యవాది కనుక 'కాళ్ళు లేని' అని మొదటి మాటలోనే చెప్పేశాడు. వినేవాళ్ళకే తొందర.

యిల్లు = గృహము. ఇది గృహమా? ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు. వైశాల్యం 160 చదరపు అడుగులు, అంటే మా ఊరి ఇంటి వీధి అరుగంత. ఖాళీ డబ్బాయే రెండు టన్నుల పైన ఉంటుంది. దీని పుట్టుక కూడా చెప్పాలి. 1956లో మాల్కమ్ మెక్లీన్ అనే అమెరికా లారీల యజమాని, సరుకు దించి ఎక్కించే బాధ తప్పించడానికి లారీ పెట్టెలనే ఓడ మీద పెట్టి నూవార్క్ నుంచి హ్యూస్టను పంపాడు. ఆ మొదటి ప్రయాణంలో పెట్టెలు 58. సరుకు మనిషి చెయ్యి తగలకుండా పోవాలన్నది ఆయన ఊహ. మనుషులు సరుకుగా మారి అందులో దూరతారని ఆయన ఊహించి ఉండడు. ఎనిమిది అడుగుల వెడల్పులో గోడల తాపడం పోగా ఏడడుగులు మిగిలింది అనుకోండి. మంచం ఆరడుగులు. మిగతా అడుగులో దాంపత్యం నడవాలి.

కదలి వచ్చును + అట + అంచు. ఈ పద్యానికి ప్రాణం 'అట' అన్న రెండక్షరాలు. ఇలాంటి మాట ఉన్న భాష అదృష్టవంతురాలు. 'వస్తుంది' అంటే పూచీ నాది. 'వస్తుందట' అంటే పూచీ గాలిది. అమ్మేవాడు బొమ్మ పంపాడు, బావమరిది నాకు చూపించాడు, నేను పద్యంలో పెట్టాను. మూడు చేతులు మారినా ఎవరూ ఆ ఇంటిని ముట్టుకోలేదు. భూములు కొన్నవాళ్ళ కథలన్నీ 'అట'తో మొదలై 'అయ్యో'తో ముగుస్తాయని మా నాన్నగారు అనేవారు. ఆయన ఏ భూమీ కొనలేదు.

బావమరిది = భార్యకు సోదరుడు. ఈ పదానికి ఇంతకుమించి అర్థం రాయడం గృహశాంతికి మంచిది కాదు.

బండి బొమ్మ = శకట చిత్రము. ఇక్కడ సమాస విచారం తప్పదు. మా బావమరిది ఈ వస్తువును 'బండిల్లు' అంటాడు. వ్యాకరణం దీన్ని ఒప్పదు. ఇకారం మీద సంధి వికల్పంగా జరగాలంటే ఆ మాట ఏమి, మఱి వంటి ఏమ్యాదుల జాబితాలో ఉండాలి. బండి అందులో లేదు. అందుకని యడాగమం వచ్చి 'బండియిల్లు' అవుతుంది. బండికీ ఇంటికీ మధ్య సంధే కుదరలేదంటే, మొదటి శకునం అక్కడే చెడింది. పోనీ విగ్రహవాక్యం చెప్పుకుందామంటే అదీ తేలదు. బండి అయిన ఇల్లా? బండి మీద ఇల్లా? బండి కొరకు ఇల్లా? మూడోది నిజమైతే అది కారు షెడ్డు, మా ఇంటికి ఉంది.

ఇది పండితుల చాదస్తం అనుకోకండి. సర్కారు కచేరీలో కూడా ఇదే చర్చ నడుస్తుంది. బండి అయితే రవాణా శాఖ నంబరు పలక అడుగుతుంది. ఇల్లయితే పంచాయతీ ఇంటి పన్ను అడుగుతుంది. మన వస్తువు ఏది అడిగితే అది కాదంటుంది. సముద్రపు ఒడ్డు అయితే మూడో గొంతు కూడా లేస్తుంది. 2019 జనవరి 18న కేంద్రం ఇచ్చిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన ప్రకారం, పోటు గీత నుంచి లోపలికి పల్లె తీరంలో కట్టడాలు కూడని మేర ఒకటుంది. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్నచోట అది 50 మీటర్లు, అంతకన్న పలచనైన చోట 200 మీటర్లు. అంటే ఎక్కడ మనుషులు తక్కువో అక్కడ సముద్రానికి ఎక్కువ దూరం. మనకు కావలసిందేమో మనుషులు లేని ఒడ్డు. బొమ్మలో ఆ కుర్చీలకూ కెరటానికీ మధ్య నాకు ఇరవై అడుగులు కనిపించాయి.

నాల్గు నాళ్ళ కొరకు = నాలుగు దినముల నిమిత్తము. ఇక్కడ నాలుగు అనే సంఖ్యను కవి గాలికి వెయ్యలేదు. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ. మా వైపు మనిషి ఏ ఊళ్ళో బతుకుతున్నా ఈ నాలుగు రోజులకీ ఊరు చేరతాడు. హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి, ఖరగ్‌పూర్ నుంచి రైళ్ళలో నిలబడి, బస్సుల్లో వంగి, ఎలాగో వస్తాడు. ఏడాదికి నాలుగు రోజులు మాత్రమే తలుపు తీసే ఇంటిని ఇంగ్లండులో డబ్బిచ్చి కొనుక్కుంటారు. శ్రీకాకుళం జిల్లాలో అది వారసత్వంగా వస్తుంది.

మాకూ ఒకటుంది, నరసన్నపేట వైపు, మా తాతగారు కట్టింది. పెంకుటిల్లు, వీధి అరుగు, నడవా, పెరట్లో నుయ్యి, నుయ్యి పక్కన కరివేపాకు చెట్టు. తాళం చెవి మూడు ఇళ్ళవతల మా పెద్దప్ప దగ్గర ఉంటుంది. భోగి ముందురోజు వెళ్తాం. తాళం తుప్పు పట్టి ఉంటుంది, కొబ్బరినూనె పోస్తాం. తలుపు తోస్తే లోపల చీకటి కదులుతుంది. అవి గబ్బిలాలు. మొదటి రోజంతా బూజు దులపడం. రెండో రోజు నూతిలో మోటారు దించడం, అది పని చెయ్యకపోవడం, నరసన్నపేట నుంచి మనిషిని తేవడం. మూడో రోజు పెంకులు సర్దేవాడు పండగ కాబట్టి రానంటాడు. నాలుగో రోజు ఇల్లు ఉండటానికి తయారవుతుంది. సాయంత్రం తాళం వేసి బయల్దేరతాం. గుమ్మం దిగేటప్పుడు మా బావమరిది, పండక్కి పిలిస్తే వచ్చినవాడు, "ఎంత హాయిగా ఉంది బావా ఇక్కడ" అంటాడు. పోయినేడాది కూడా అన్నాడు.

అంచేత, రెండో ఇల్లు అనేదే ఈ బేరంలో తప్పు లెక్క. మాది ఇప్పటికే రెండో ఇల్లు. కొనబోయేది మూడోది. మూడో ఇంటికి బూజు ఎవరు దులుపుతారన్నది మూలంలో లేదు.

నాలుగు లక్షలా. ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కవిని మందలించాలి. అసలు మొత్తం నాలుగు లక్షలు కాదు. ఛందస్సు కోసం అలా అన్నాడు. అమ్మేవాడు చెప్పిన ధరకు జీఎస్టీ నూటికి 18 కలుపు. క్రేను కలుపు. ట్రయిలరు కలుపు. డబ్బా ఇసుకలో కూరుకుపోకుండా కింద సిమెంటు దిమ్మలు కలుపు. బోరు, మోటారు, సెప్టిక్ ట్యాంకు, కరెంటు స్తంభం. అన్నిటికన్న ముందు అది నిలబడటానికి ఐదు సెంట్ల జిరాయితీ నేల, దానికి దారి. ఇవన్నీ చేరిస్తే ఏ వృత్తంలోనూ పట్టదు, సీసపద్యం కావాలి. చివరి 'లా' మీద దీర్ఘం ప్రశ్నార్థకమా, ఆశ్చర్యార్థకమా అనే చర్చను అలాగే అట్టిపెడుతున్నాను. దాని అర్థం వ్యాఖ్య చివరకొచ్చేసరికి మారుతుంది.

అలంకారం. మొదటి పాదంలో విరోధాభాసం. కాళ్ళు లేనిది కదలి రావడం విరుద్ధం. నిజానికి విరోధం ఇంకా లోతు. మా బావమరిది కొడుకు ఉన్న దేశంలో ఈ ఇళ్ళను స్టాటిక్ కారవాన్లంటారు. అంటే 'కదలని కదిలే ఇళ్ళు'. ఫ్యాక్టరీనుంచి ఒకసారి కదిలి వచ్చి, కొన్న జీవితమంతా ఒకే గడ్డి పట్టీ మీద ఉంటాయి. ఆ గడ్డికి ఏటా అద్దె కట్టాలి. ఇల్లు నీది, నేల వాడిది. చలికాలం చాలాచోట్ల కొన్ని వారాలు మూసేస్తారు. మన కేరళ 2021లో కారవాన్ల విధానమొకటి తెచ్చింది కానీ అందులో బండి నిజంగా బండే. అది మనది కాదు. కావ్యాల్లో విరోధాభాసం చదివితే ఆనందం కలుగుతుంది. ఇందులో కలిగేది నెలవారీ వాయిదా.

పూర్వపక్షం. ఇది బావమరిది పక్షం, న్యాయంగా చెప్పాలి. అతను వెంటనే జిల్లా పటం తీశాడు. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం, పక్కన విజయనగరానిది మరో 28. బారువ, భావనపాడు, కళింగపట్నం, కోనాడ, చింతపల్లి. గోవాలో జనం మీద జనం, మన దగ్గర ఇసుక మీద ఇసుక. భోగాపురం విమానాశ్రయం వస్తోంది. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, అంటే రెండింతలు గట్టిది. "రేపు విమానం దిగినవాడు మన డబ్బాలో దిగుతాడు బావా. మనం లేని రోజుల్లో అద్దెకిద్దాం. మనం ఉండేది నాలుగు రోజులేగా? మిగతా 361 రోజులు అదే మనల్ని పోషిస్తుంది."

ఈ వాదంలో ఆకర్షణ లేదనను. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసేచోట సాయంత్రం నిలబడినవాడికి ఇక్కడ ఒక గుడిసె ఉంటే అనిపించక మానదు. నాకూ అనిపించింది. డచ్చివాళ్ళకి కూడా అనిపించింది, వాళ్ళు ఈ తీరాన వర్తకం పెట్టుకుని కొన్నాళ్ళు ఉన్నారు. ఇప్పుడు లేరు.

సిద్ధాంతం. మొదట గాలి సంగతి. సెలవులు ఎప్పుడొస్తాయి? సంక్రాంతికి ఊరింటికి కట్టుబడ్డాం, వేసవిలో ఇనప డబ్బాలో మనిషి ఉడుకుతాడు, మిగిలింది దసరా. దసరాకి ఈ తీరానికి మనకన్న ముందు వచ్చే చుట్టాల జాబితా చదువుతాను. ఫైలిన్, 2013 అక్టోబరు 12. హుద్‌హుద్, 2014 అక్టోబరు 12. తిత్లీ, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, పలాస దగ్గర తీరం దాటింది. గులాబ్ మాత్రం కాస్త తొందరపడి 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గరకు వచ్చింది. అందరూ దసరా పక్షానికి అటూ ఇటూనే. మా పైడితల్లి సిరిమాను ఎక్కే రోజుల్లోనే బంగాళాఖాతం కూడా తన పండగ చేసుకుంటుంది.

తిత్లీ నాడు గాలి గంటకు 140 కిలోమీటర్లు దాటింది. ఉద్దానంలో తాతల నాటి కొబ్బరి చెట్లు, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలమీద పరిచినట్టు పడుకున్నాయి. పెరగడానికి చెట్టుకి పట్టిన ఏళ్ళన్నీ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకున్నారు రైతులు. తోట పోయిన పెద్దాయన ఒకాయన, మొదళ్ళు లేచిన గోతుల మధ్య నిలబడి, "ఈడ నుంచి సముద్రం కనిపించేది కాదు బాబూ, ఇప్పుడు కనిపిస్తంది" అన్నాడు. సముద్రం కనిపించే చోటు అని ఎవరైనా స్థలం చూపిస్తే నాకు ఆ మాట జ్ఞాపకం వస్తుంది.

మా తీరంలో పాతవాళ్ళు ఎలాంటి ఇల్లు కట్టుకున్నారో చూడండి. చుట్టిల్లు. గుండ్రటి మట్టి గోడ, దాని మీద నేలదాకా వంగిన తాటాకు కప్పు. గాలికి తట్టుకునే మూల లేదు, పట్టి లాగే చూరు అందదు. వచ్చిన గాలి ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి తన దారిన పోతుంది. మనం కొనబోయేది దీనికి సరిగ్గా ఎదురు. నాలుగు మూలలు, నాలుగు పలకలు, గాలికి ఎక్కడ చెయ్యి వెయ్యాలో గుర్తులు పెట్టిన పెట్టె. ఓడ మీదయితే దాన్ని మూలమూలకీ గొలుసులతో బిగిస్తారు. ఒడ్డు మీద మా బావమరిది బిగిస్తాడట. (అట!)

ఉప్పు ఇంకో సంగతి. ఈ డబ్బాల ఉక్కు మామూలుది కాదనీ, పైపొర తుప్పే లోపలికి కవచమవుతుందనీ అమ్మేవాడు రాశాడు. పొడి ఊళ్ళో అది నిజం. సముద్రపు ఒడ్డున ఉప్పు ఆ కవచాన్ని కుదరనివ్వదు. మనది నౌపడా ఉప్పు పండే తీరం. గాలిని ఎండబెడితే ఉప్పు వచ్చేచోట ఇనప ఇల్లు పెట్టడం ఆవకాయ జాడీకి ఇనప మూత పెట్టడం లాంటిది. మా ఆవిడ పెట్టదు.

దృష్టాంతాలు. సెలవిల్లు ఎలా ఉండాలో టెక్కలి దగ్గర తేలినీలాపురంలో నేర్చుకోవాలి. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీద కాపరం పెడతాయి. సైబీరియా నుంచి వస్తాయని మావాళ్ళంతా అంటారు, పక్షులు తెలిసినవాళ్ళు ఒప్పుకోరు, ఇవి మన దేశపువేనంటారు. ఎక్కడివైనా వాటి పద్ధతి ముచ్చటగా ఉంటుంది. చెట్టు ఊరిది, పుల్లలు ఊరివి. గూడు అల్లి, పిల్లల్ని పెంచి, రెక్కలు రాగానే పోతాయి. తాళం లేదు, పెద్దప్ప దగ్గర చెవి లేదు. మరుసటి ఏడు వచ్చి అదే చెట్టు మీద మళ్ళీ అల్లుకుంటాయి. పాత గూటిని అద్దెకివ్వాలని వాటికి తోచలేదు.

కదిలే ఇంట్లో నిజంగా బతికేవాళ్ళు మన తీరంలో ఉన్నారు, కానీ సెలవుకి కాదు. డి.మత్స్యలేశం నుంచి, తిప్పలవలస నుంచి, ఇంకా ఎన్నో పల్లెల నుంచి గంగపుత్రులు వానాకాలం వేట నిషేధం తీరగానే గుజరాత్‌లోని వేరావల్ పోతారు. వేసవికి గానీ రారు. ఒక్కో బోటులో ఏడెనిమిది మంది, ఒక్కో విడత రెండు మూడు వారాలు నీళ్ళ మీదే. వంట అక్కడే, నిద్ర అక్కడే, పడుకునే చోటు మా డబ్బా మంచం కన్న చిన్నది. నడిపే నాయకుణ్ణి తండేల్ అంటారు, సినిమా వచ్చాక ఆ మాట అందరికీ తెలిసింది. 2018 నవంబరులో అలా వెళ్ళిన మావాళ్ళు 22 మంది గీత దాటారని పాకిస్తాను పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా వచ్చారు, మిగతావాళ్ళు తరవాత. నీళ్ళ మీద గీత ఎక్కడుంటుందో వాళ్ళకెవరు చూపించారు? మన ఒడ్డున ఉన్న పల్లెలో పొట్ట నిండక ఆ ఒడ్డుకి వెళ్ళినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ పల్లె ముందు సముద్రాన్ని చూస్తూ కాఫీ తాగడానికి ఒక డబ్బా దింపుకుని, "ఇక్కడ ఎంత ఖాళీగా ఉందో" అనడం నాకు చేతకాదు. ఇది వ్యాఖ్యాత సొంత అభిప్రాయం, మూలంతో సంబంధం లేదు.

సెలవు కోసమే ఇల్లూ, ఆ ఇంటికి పోవడానికి ఇంకో కదిలే ఇల్లూ రెండూ ఉన్నవాడు నాకు తెలిసి ఒక్కడే. జగన్నాథుడు. ఒడిశా గాలి తగిలే మా జిల్లా ఉత్తరపు కొస ఊళ్ళలో రథయాత్ర తెలియనివాళ్ళుండరు. ఆషాఢ శుద్ధ విదియనాడు స్వామి పూరీలో పెద్ద గుడి వదిలి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న గుండిచా మందిరానికి బయల్దేరతాడు. ఆయన నందిఘోషానికి 16 చక్రాలు, అన్నగారి తాళధ్వజానికి 14, చెల్లెలి దర్పదళనానికి 12. మొత్తం 42 చక్రాలు. అవీ ప్రతి ఏడూ కొత్తవి, పాత రథం అట్టిపెట్టుకోరు. కనుక తుప్పు లేదు, బూజు లేదు. వారం పైచిలుకు ఉండి దశమినాడు తిరుగు ప్రయాణం. లాగడానికి జనం, వండడానికి వంటవాళ్ళు, ఇల్లు ఊడవడానికి సాక్షాత్తూ గజపతి మహారాజు, రథం మీద బంగారు చీపురుతో. మనకు వీటిలో ఒక్కటైనా ఉందా అని బావమరిదిని అడిగాను. "చీపురుందిగా బావా" అన్నాడు.

అయితే ఆ కథలో అతను చదవని భాగం ఒకటుంది. స్వామి అన్ననీ చెల్లెల్నీ వెంటబెట్టుకున్నాడు గానీ లక్ష్మీదేవిని గుళ్ళోనే వదిలాడు. అయిదో నాడు ఆవిడ కోపంతో గుండిచా దగ్గరికి వెళ్ళి, తిరిగి వస్తూ ఆయన రథంలోంచి ఒక ముక్క విరిచి వస్తుంది. చివరికి స్వామి ఇంటికొస్తే తలుపు వేసేస్తుంది. రసగుల్లాలు సమర్పించుకుని, బతిమాలి, లోపలికి వస్తాడు. ఇది ప్రతి ఏడూ జరిగే ఉత్సవం. ఇంత కాలంగా ఆయన నేర్చుకోలేదంటే మనమెంత.

అధ్యాహారం. మూలంలో లేని పదాన్ని అర్థం కోసం తెచ్చుకోవడాన్ని అధ్యాహారం అంటారు. నాలుగో పాదాన్ని చూడండి. 'కొనుట మేలొ' అన్నాడు. ఎవరికి మేలు? క్రియ ఉంది, కర్త లేడు. నేను వ్యాఖ్య ఇంతదాకా రాసి, ఈ చోట కలం ఆపి, గట్టిగా చదువుకుంటున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, పమిట కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ విన్నది. ఆవిడ తెలుగు చదువు అయిదో తరగతి దాకానే, కానీ కర్త ఎక్కడ లోపించిందో నాకన్న ముందు కనిపెడుతుంది.

"ఆ డబ్బాలో గ్యాస్ పొయ్యి ఉంటాదా?" అంది.

"రెండు బర్నర్లది, అప్పా" అన్నాడు తమ్ముడు ఉత్సాహంగా.

"నీళ్ళెక్కడివి?"

"బోరు వేయిస్తాం."

"చేపలు ఒడ్డునే దొరుకుతాయి కాబట్టి తెచ్చీసి నా ముందు పోసీసి, బేగి వండమంటారు. గిన్నెలు తోమడానికి పనిమనిషి ఆ ఇసకలోకి రాదు. మీరిద్దరూ కుర్చీల్లో కూకుంటారు. ఆ బొమ్మలో కుర్చీలు రెండే ఉన్నాయి, చూశాను."

మళ్ళీ చూశాం. రెండే. ఇంత సేపు ప్రతి అక్షరానికీ అర్థం రాసిన వ్యాఖ్యాతకు ఆ కుర్చీల లెక్క తట్టలేదు. సంక్రాంతికి ఊరింట్లో మొదటి రోజంతా బూజు దులపడమని రాశాను కదా, పైన. ఆ వాక్యంలో కూడా కర్త లేడు. నేను నిచ్చెన పట్టుకున్నాను.

నేను తలవంచుకుని మూడో పాదం పక్కన 'అనవసర వ్యయము' అని రాయబోతూ ఉంటే ఆవిడ మళ్ళీ అంది.

"వద్దనలేదండీ. కొనండి."

బావమరిది కుర్చీలోంచి లేచాడు.

"మీరూ తమ్ముడూ వెళ్ళండి. నాలుగు రోజులుండండి. ఆరు రోజులైనా ఉండండి. నేను రాను. ఇక్కడే ఉంటాను. పొద్దున ఏడు దాకా లెగను. ఒకపూట వండుకుంటాను, ఒకపూట మానీస్తాను. టీవీ నా చేతిలో ఉంటాది. కాఫీ ఎవరూ అడగరు." కాసేపు ఆగి, ఆ ఇంటిని మొదటిసారి చూస్తున్నట్టు గదులన్నీ ఒకసారి కలయజూసి, "ఎంతన్నారు, నాలుగు లక్షలా?" అంది.

పాఠాంతరం. అంతకుముందు నేను మూడో పాదం చివరి దీర్ఘాన్ని బాధతో చదివాను. ఆవిడ చదివిన తీరు వేరు. "ఇంతేనా" అన్నట్టుంది. రెండు పాఠాలూ ఛందస్సుకి సరిపోతాయి. వ్యాఖ్యాతలు ఇలాంటి చోట పెద్దల పాఠమే గ్రాహ్యమంటారు.

తాత్పర్యం. కాళ్ళు లేని ఇల్లు కదిలి వస్తుందట అని చెప్పి బావమరిది బండి బొమ్మ చూపించాడు. సెలవిల్లు ఏదన్న విషయంలో వ్యాఖ్యాతకూ అతని భార్యకూ పాఠభేదం ఉంది. ఆవిడ పాఠం ప్రకారం అది విజయనగరంలో ఇదివరకే ఉంది, ఇద్దరు మనుషుల్ని బయటికి పంపితే చాలు. వాళ్ళని ఎక్కడ పెట్టాలన్నదే ఖర్చు. బావమరిది క్రేనువాడికి ఫోను చేస్తున్నాడు. నాలుగో పాదంలోని రెండో పక్షానికి వ్యాఖ్య రాయవలసి ఉంది గానీ మధ్యాహ్నం రెండున్నరయింది, వీధి గదిలో పడకకుర్చీ ఖాళీగా ఉంది. శేషం లేచాక.